రైఫిల్ కన్నా తూటాలే భారం
సరదా షూటింగ్‌కు ఏ తుపాకీ కొనాలి? జిల్లాల్లో ఔత్సాహికుల ముందున్న లెక్కలు

2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో కొల్హాపూర్ జిల్లా యువకుడు స్వప్నిల్ కుశాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ విభాగంలో కాంస్యం సాధించారు. ఆ పోటీలో వాడేది పాయింట్ 22 తూటా. ఒక్కొక్క తూటానే చేత్తో నింపి, బోల్టు బిగించి, గురి చూసి పేల్చే రైఫిల్ అది. అంతకు పన్నెండేళ్ల ముందు లండన్‌లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ గెలిచిన కాంస్యం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌ది. చూడడానికి రెండూ రైఫిళ్లే. చట్టం దృష్టిలో మాత్రం ఒకటి మారణాయుధం, రెండోది నిర్ణీత పరిమితికి లోబడినంత వరకు లైసెన్సు అక్కర్లేని క్రీడా పరికరం. ఈ తేడా తెలియకుండా ‘తక్కువలో మంచి రైఫిల్ ఏది?’ అని దుకాణదారుణ్ణి అడిగితే సరైన సమాధానం దొరకదు.

బోల్ట్ యాక్షన్ అంటే మనవారికి కొత్తేమీ కాదు. దశాబ్దాల పాటు పోలీసు కానిస్టేబుళ్ల భుజాన వేలాడిన త్రీనాట్‌త్రీ ఆ కోవలోనిదే. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ క్యాంపులో బోర్లా పడుకుని పాయింట్ 22 రైఫిల్ పేల్చిన వారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పిడి ఎత్తి వెనక్కి లాగితే ఖాళీ తొడుగు బయటపడుతుంది, ముందుకు తోస్తే కొత్త తూటా గొట్టంలోకి చేరుతుంది. కదిలే భాగాలు తక్కువ కాబట్టి గురి నిలకడగా ఉంటుంది, మరమ్మతులూ తక్కువే. లక్ష్యసాధనకు దీన్ని మించిన ఏర్పాటు లేదన్న మాటలో అతిశయోక్తి లేదు.

అయితే అమెరికాలో మాదిరిగా దుకాణానికి వెళ్లి నచ్చిన సైజు ఎంచుకునే వీలు ఇక్కడ లేదు. త్రీనాట్‌త్రీ వంటి సైనిక తూటాలు పట్టే రైఫిళ్లను పౌరులకు నిషిద్ధ బోరుగా పరిగణిస్తారు. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పౌరుల కోసం తయారుచేసే పాయింట్ 315 స్పోర్టింగ్ రైఫిల్ ఒకటుంది. త్రీనాట్‌త్రీకి దగ్గరి చుట్టమే అనవచ్చు. కానీ సరదాగా వారానికోసారి కాగితంపై గురి చూసేవారికి అంత బరువైన తూటా, అంత భుజపు దెబ్బ అనవసరం. దాన్ని సురక్షితంగా పేల్చడానికి తగిన రేంజ్ ఎక్కడుందన్నది మరో ప్రశ్న. కొనదగిన జాబితా నుంచి దీన్ని నిస్సంకోచంగా తీసేయవచ్చు.

మిగిలింది పాయింట్ 22. ఆయుధాల చట్టం 1959లోని 13వ సెక్షన్ గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్ లేదా అసోసియేషన్ సభ్యులకు లక్ష్యసాధన కోసం పాయింట్ 22 రైఫిల్ లైసెన్సును ప్రత్యేకంగా ప్రస్తావించింది. కాబట్టి మొదటి మెట్టు క్లబ్ సభ్యత్వం. ఆ తర్వాత దరఖాస్తు, పోలీసు విచారణ, ఆయుధాల భద్రతపై శిక్షణ ధ్రువపత్రం. లైసెన్సుకు సాధారణంగా 21 ఏళ్లు నిండాలి. శిక్షణ పొందే బాలబాలికలకు పర్యవేక్షణలో వాడే వెసులుబాటు వేరుగా ఉంది. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. అదే సవరణ ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. పొలానికి కాపలాగానో, ఆత్మరక్షణకో ఇప్పటికే రెండు లైసెన్సులున్న ఆసామి ఈ సంగతి విస్మరించరాదు.

లైసెన్సు చేతికొచ్చాకే అసలు ఖర్చు మొదలవుతుంది. ఒక పోటీలో ఒక్కో షూటర్ 60 సార్లు పేల్చాలి. సాధన చేసేవారు వారానికి వంద తూటాలు పేల్చినా ఏడాదికి 5,200. ఒక్కో తూటా 20 రూపాయలే అనుకున్నా లక్ష దాటుతుంది. ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్సుపైనే రాసి ఉంటుంది, డబ్బున్నంత మాత్రాన అంతకు మించి కొనలేరు. ఇక రేంజ్ ఎక్కడ? హైదరాబాద్ గచ్చిబౌలి ప్రాంతంలోని క్రీడా ప్రాధికార సంస్థ రేంజ్ వంటివి రెండు రాష్ట్రాల్లోనూ వేళ్లపై లెక్కించదగినవే. 150 కిలోమీటర్ల అవతల ఉన్న వ్యక్తికి రైఫిల్ ధర కన్నా బస్సు చార్జీలు, పోగొట్టుకున్న ఆదివారాలే ఎక్కువ బరువు. ఎన్నికల ప్రకటన వెలువడితే ఆయుధాన్ని పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలన్న నోటీసులూ వస్తుంటాయి. క్రీడాకారులు మినహాయింపు కోరవచ్చు గానీ, అందుకు కార్యాలయాల చుట్టూ తిరగాలి.

గాలి తుపాకీయే ఉత్తమం

ఈ లెక్కలన్నీ వేసుకుంటే జిల్లాల్లోని సామాన్య ఔత్సాహికుడికి తగినది 4.5 మిల్లీమీటర్ల, అంటే పాయింట్ 177 ఎయిర్ రైఫిల్. ఆయుధాల నిబంధనలు 2016 ప్రకారం బోరు పాయింట్ 177 అంగుళాలు, శక్తి 20 జౌళ్లు మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అవసరం లేదు. రెండు షరతులూ ఒకేసారి పాటించాలి. ఎయిర్ రైఫిళ్లలోనూ పాయింట్ 22 బోరువి ఉంటాయి. గాలి తుపాకీయే కదా అని దాన్ని తెప్పించుకుంటే లైసెన్సు లేని ఆయుధం ఇంట్లో పెట్టుకున్నట్లే.

వీటిలో చవకైనవి గొట్టాన్ని మడిచి స్ప్రింగ్ బిగించే రకాలు. పది వేల రూపాయల అటూ ఇటూ నుంచి దేశీయంగా తయారైనవి దొరుకుతాయి. తిరునాళ్లలో బెలూన్లు పేల్చేది ఈ రకంతోనే. పేలేటప్పుడు స్ప్రింగ్ ముందుకూ వెనక్కూ అదరడం వల్ల పట్టు ఏమాత్రం మారినా గురి తప్పుతుంది. నేర్చుకునేవారికి అది విసుగు పుట్టించినా, మంచి పట్టు అలవాటు చేస్తుందన్నది కూడా నిజం.

రెండో రకం సిలిండర్‌లో ముందే గాలి నింపి ఉంచే పీసీపీ. వీటిలో చాలావాటికి చిన్న బోల్టు ఉంటుంది. కాబట్టి బోల్ట్ యాక్షన్‌పై మనసుపడిన వారి ముచ్చటా తీరుతుంది. అదురు దాదాపు ఉండదు, గురి కుదురుతుంది. అయితే ప్రకటనల్లోని ధర చూసి సంబరపడరాదు. కారు టైరులో ఉండే గాలి 2 బార్లకు కాస్త ఎక్కువ. ఈ సిలిండర్‌కు 200 బార్ల వరకు కావాలి. పంక్చర్ షాపు కంప్రెసర్ ఎందుకూ కొరగాదు. ప్రత్యేకమైన చేతిపంపు కొనాలి, లేదా క్లబ్‌లో నింపించుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో విదేశీ పోటీ రైఫిల్ దొరికితే ముందుగా చూడాల్సింది సిలిండర్‌పై ముద్రించిన తేదీ. పదేళ్లు దాటిన సిలిండర్‌ను పోటీల్లో అనుమతించరు. మార్చాలంటే చవక బేరం కాస్తా ఖరీదవుతుంది.

టెలిస్కోపు బిగించిన రైఫిల్ ఫొటోలో అందంగా ఉంటుంది. అయితే ఒలింపిక్ తరహా రైఫిల్ పోటీల్లో టెలిస్కోపుకు చోటు లేదు, చిన్న రంధ్రంలోంచి చూసే సైటే వాడాలి. పిల్లవాడిని ముందుముందు పోటీలకు పంపాలనుకునే తల్లిదండ్రులు ఆ డబ్బును సీసపు గుళికలకు దాచుకోవడం మేలు. 500 గుళికల డబ్బా 500 రూపాయలు అనుకుంటే, వారానికి వంద చొప్పున ఏడాదంతా పేల్చినా ఆరు వేలు దాటదు. పాయింట్ 22 తూటాల లక్షతో పోల్చి చూసుకోవచ్చు. అసలు తొలి ఆరు నెలలు ఏమీ కొనకుండా క్లబ్ రైఫిల్‌తోనే నేర్చుకుంటే, పొడవు, బరువు తనకు సరిపడేది ఏదో తెలుస్తుంది.

లైసెన్సు లేదంటే బొమ్మ అని కాదు. 20 జౌళ్ల లోపు గుళిక అయినా కన్ను పోగొట్టగలదు. సందులో, మేడపై డబ్బాలు పెట్టి పేల్చడం ప్రమాదకరం, గుళిక తిరిగి వస్తుంది. పిట్టలపై గురి పెడితే వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద కేసు తప్పదు. అరుణాచల్ ప్రదేశ్ 2021లో పక్షుల వేటను అరికట్టేందుకు ఎయిర్‌గన్‌ల స్వచ్ఛంద అప్పగింత కార్యక్రమమే చేపట్టాల్సి వచ్చింది. రేంజ్‌లు దగ్గరలో లేనిచోట కొన్న తుపాకీ తోటల వైపే తిరుగుతుంది.

ఈ కోణంలో క్రీడాశాఖ చేయగలిగిన పని పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. బ్యాడ్మింటన్ కోర్టు పొడవు 13.4 మీటర్లు. ఎయిర్ రైఫిల్‌కు కావాల్సిన దూరం 10 మీటర్లు. జిల్లా కేంద్రాల్లోని ఇండోర్ హాళ్లలో ఒక పక్క గోడకు ఉక్కు పలకలు, గుళికలు పట్టే పెట్టెలు బిగించి, తలుపులు మూసి, శిక్షకుడి పర్యవేక్షణలో వారానికి రెండు పూటలు కేటాయిస్తే చాలు. ఇందుకు పాయింట్ 22 రేంజ్ మాదిరిగా ఎకరాల కొద్దీ స్థలం వెతకనక్కర్లేదు.