నీళ్ల తొట్టెలో కాపురమున్న దోమ

జ్వరము వచ్చిన ఇంటికి వెళ్లినప్పుడు తరచుగా వినే మాట ఒకటున్నది. "మా ఇంటి దగ్గర మురుగే లేదు అయ్యగారూ, శుభ్రముగా ఉంటాము." ఆ మాట నిజమే. అయితే డెంగీని మోసుకొచ్చే దోమకు మురుగుతో పని లేదు, మనము పట్టి ఉంచుకున్న మంచినీళ్లే దానికి కావాలి.

ఒంటి మీద, కాళ్ల మీద తెల్లని చారలుండే ఈ దోమను ఈడిస్ ఈజిప్టై అంటారు. దీని పూర్వికులు ఆఫ్రికా అడవులలో చెట్టు తొర్రల నీటిలో గుడ్లు పెట్టి, జంతువుల రక్తముతో బ్రతికేవి. వానలు లేని నెలలు ఎక్కువగా ఉన్న పశ్చిమ ఆఫ్రికా ప్రాంతములలో తొర్రలు ఎండిపోతే, మనుష్యులు కుండలలో నిలువ చేసుకున్న నీళ్లే మిగిలేవి. కొన్ని వేల సంవత్సరముల క్రితము ఆ నీళ్ల కొరకు ఇండ్ల దగ్గర చేరినవి మెల్లగా మనిషి వాసనకు మరిగాయి. తరువాత ఓడలెక్కి సముద్రములు దాటాయి. మనము కుండ మాని సిమెంటు తొట్టె కట్టుకుంటే తొట్టెలోకి, డ్రమ్ము కొంటే డ్రమ్ములోకి, పాత టైరు పెరట్లో పడవేస్తే టైరులోకి వచ్చాయి. ఇంట్లోనే, కొయ్యకు తగిలించిన బట్టల వెనుక, మంచము క్రింద దాగుతాయి గనుక వీధిలో కొట్టే పొగకు సులభముగా చిక్కవు.

అన్నిటికంటె గడుసుతనము గుడ్లు పెట్టుటలో ఉన్నది. నీటి అంచుకు కాస్త పైన, తడి గోడకు నలుసులంత నల్లని గుడ్లు అంటిస్తుంది. నీళ్లు పారబోసినా అవి పోవు. ఎండిన గోడ మీద నెలల తరబడి బ్రతికి ఉండి, మరల నీళ్లు తగలగానే పొదుగుతాయి. వేసవి అంతా బోర్లించకుండా వదిలిన డ్రమ్ము తొలకరికి దోమలను పుట్టించేది ఇందువలననే. కాబట్టి తొట్టె ఖాళీ చేస్తే చాలదు, కొబ్బరి పీచుతో గోడలు గట్టిగా తోమాలి. గుడ్డు పొదిగి దోమగా ఎగురుటకు మన ఎండలలో వారము, పది రోజులు పడుతుంది. శనివారము ఎలాగూ ఇల్లు కడుగుకుంటారు గదా, తొట్టె కూడా ఆ రోజే తోమండి.

సంఘ పెద్దలు ఏమీ అనుకోకపోతే, సమాధుల మీద పూలు పెట్టే సీసాలను కూడా ఒకసారి చూడండి. వాటిలో నిలిచిన నీళ్లు దీనికి చాలు.

ఇది ముఖ్యముగా పగలు కుడుతుంది. పసిబిడ్డ మధ్యాహ్నము నిద్రపోయినా దోమతెర కట్టండి. డెంగీ అని అనుమానమున్న జ్వరమునకు ఆస్పిరిన్ బిళ్ల వేయకండి, రక్తస్రావము ఎక్కువవుతుంది. జ్వరము దిగిందని ఊపిరి పీల్చుకునే ఆ ఒకటి రెండు రోజులలోనే ప్రమాదము ముదురుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తము కనబడితే తెల్లవారేదాకా ఆగక బిడ్డను ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి.