మామూలే అనుకున్న వారం

అద్దంకి పిల్లలకు,

హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండి ఆదివారం ఫోన్ చేసేవాళ్లకీ, ఇక్కడే బస్టాండు దగ్గర బళ్ల మీద కూర్చుని సాయంత్రాలు గడిపేవాళ్లకీ కలిపే రాస్తున్నాను. "ఏంది తాతా సంగతులు?" అంటారు మీరు. "ఏముందిరా, మామూలే" అంటాం మేము. అక్కడితో ఆ మాట అయిపోతుంది. పోయిన వారం మాత్రం నా దగ్గర కాస్త సరుకు పోగుపడింది. నేను ఊరు దాటలేదు, ఇంట్లో పెళ్లీ పేరంటం ఏమీ లేదు. అయినా ఫోన్లో చెబితే మధ్యలో మీకు వేరే కాల్ వస్తుంది కాబట్టి రాసి పంపుతున్నాను.

నేను సర్వే శాఖలో చేసి రిటైరైనవాణ్ణని మీలో కొందరికి తెలుసు. 66 అడుగుల గొలుసు, దానికి 100 లింకులు, 10 చదరపు గొలుసులైతే ఎకరం. ఈ లెక్క ఒంట్లో ఇంకిపోయింది. నడుస్తుంటే అడుగులు లెక్కపెట్టడం ఇప్పటికీ మానలేదు. ఇంటి నుంచి సింగరకొండ రోడ్డు మలుపు దాకా ఎన్ని అడుగులో నాకు కంఠతా వచ్చు. ఈ మధ్య ఆ లెక్క పెరిగింది. రోడ్డు సాగదు కదా! గుమ్మం ముందు సుద్దముక్కతో గీతలు గీసి కొలుచుకుంటే తేలింది, నా అడుగే బెత్తెడు కురచైంది. డాక్టరు చెప్పని సంగతి రోడ్డు చెప్పింది. దీనికి నేనేమీ దిగులు పడలేదు. కొలత మారితే పుస్తకంలో మార్చి రాసుకోవాలి, అంతే.

ఇక అసలు సంగతి. మాఘమాసం కదా, మన చుట్టూ ఎటు చూసినా కల్లాలే. ఒక సాయంత్రం మిరప కల్లం వైపు వెళ్లాను. పట్టాల మీద కాయ ఆరబోసి ఉంది, పక్కన ఆడవాళ్లు తాలు ఏరుతున్నారు. తెల్లబడిన తాలు కాయ నాలుగు కలిసినా టిక్కీ (బస్తా) మొత్తానికి రేటు పడిపోతుంది. గాలి ఇటు తిరిగేసరికి నాకు దగ్గొచ్చింది. "గింజల ఘాటు మామూలుగా లేదే" అన్నాను. మన ఊరంతా అనే మాటే అది, కారమంతా గింజలోనే ఉంటుందని. ఒకామె నవ్వింది. "గింజలో కారం ఏడుంది తాతా?" అని ఒక తేజ రకం కాయ చీల్చి, గింజలు దులిపి, కొంగుతో బాగా తుడిచి నా అరచేతిలో పెట్టింది. కొరికాను. చప్పగా, కాస్త చేదుగా ఉంది. తర్వాత కాయ లోపల గింజలు అంటిపెట్టుకునే తెల్లటి పొర ఉంటుంది చూడండి, దాన్ని గోటితో గీరి నా వేలికి రాసింది. నాలుక మీద పెట్టుకున్నాక కాసేపు ఆమె ఏం చెబుతోందో నాకు వినపడలేదు.

నీళ్లు అడిగితే మజ్జిగ సీసా ఇచ్చింది. తొడిమలు తీసేరోజు చేతులకు ముందే నూనె రాసుకుంటారట. ఇంటికి పోయాక కూడా ముందు నూనెతో రుద్ది, ఆ తర్వాతే సబ్బు. రాత్రి మనవరాలు ఫోన్లో వెతికి చదివింది. కారానికి మూలమైన పదార్థం పేరు క్యాప్సైసిన్, అది ఆ తెల్ల పొరలోనే తయారవుతుంది, నీళ్లలో దాదాపు కరగదు, నూనెలోనూ కొవ్వులోనూ కరుగుతుంది. మజ్జిగకు మంట ఎందుకు లొంగుతుందో, చెంబెడు నీళ్లు తాగినా ఎందుకు లొంగదో అప్పుడు అర్థమైంది. కల్లంలో ఆమె ఇంకో మాట కూడా చెప్పింది: "చిలకకు కారం తెలవదు తాతా, దానికి జామపండూ ఇదీ ఒకటే." అదీ నిజమే. పక్షులకు ఆ మంట తగలదు. కాయను నమిలి గింజను పిండి చేసే జంతువులను మొక్క కారంతో తరిమేస్తుంది, గింజను మింగి దూరంగా పారేసే పక్షిని మాత్రం రానిస్తుంది. కాయ ఆరిందో లేదో చెవి దగ్గర ఆడించి చెప్పేస్తుంది ఆవిడ. గింజ గలగలమంటే ఆరినట్టు. తేమ ఉండగా బస్తాకెత్తితే బూజు పడుతుంది. ఇంత తెలిసిన మనిషికి మనం ఇచ్చేది రోజు కూలి. ఇందులో ఏదీ తెలియనివాళ్లం గుంటూరు మిర్చి యార్డు రేట్ల గురించి మాత్రం టీ కొట్టు దగ్గర గంటలు గంటలు మాట్లాడతాం.

కల్లం నుంచి వస్తుంటే దారిలో ఇంకో ఆలోచన పట్టుకుంది. మిరప మన మొక్క కాదు. అమెరికా ఖండాల్లో పుట్టింది. పోర్చుగీసు వాళ్ల ఓడల్లో 16వ శతాబ్దంలో మన తీరానికి వచ్చింది. అంటే 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా ఏలుతున్నప్పుడు, ఆయన ఆస్థానంలో ఎర్రాప్రగడ హరివంశం రాస్తున్నప్పుడు, ఈ ఊళ్లో ఏ ఇంటి పచ్చట్లోనూ మిరపకాయ లేదు. కారం కావాలంటే మిరియమే. మహాకవికి గోంగూర పచ్చడి ఎర్రటి కారంతో తినే యోగం లేకపోయిందంటే నాకు నిజంగానే జాలేసింది.

అక్కణ్ణించి ఇంటిదాకా కనిపించిన చేలన్నీ ఇదే కంటితో చూసుకుంటూ వచ్చాను. పొగాకు అమెరికాది. మొక్కజొన్న కూడా అక్కడిదే. సుబాబులు మెక్సికో వైపుది, జామాయిలు ఆస్ట్రేలియాది. పత్తి మాత్రం మనదేనని గుండె నిబ్బరం చేసుకోబోయాను. దేశవాళీ పత్తి మనదే, కానీ ఇప్పుడు చేలల్లో ఉన్న బీటీ పత్తి జాతి అమెరికాది, 2002లో మన దేశంలో అనుమతి వచ్చింది. ఆఖరికి కంది చేను దగ్గర ఆగాను. కంది అచ్చంగా ఈ దేశంలో పుట్టిన పంట. నా చిన్నప్పటి అడంగళ్లలో, అంటే పంటల లెక్క పుస్తకాల్లో, జొన్న, వరిగ, కంది, పొగాకు ఉండేవి. 1967లో నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్లు వదిలాక ఆ గడుల్లో పేర్లు ఒక్కొక్కటే మారాయి. మన నేల ఎవరొచ్చినా కాదనలేదు. మీరు వేరే దేశాల్లో ఉద్యోగాలకు వెళ్తుంటే ఇక్కడ కొందరు మొహం చిట్లిస్తారు గానీ, వాళ్ల కంచంలో సగం బయటి ఊళ్లదే.

తర్వాత గ్రంథాలయంలో ఇంకొకటి దొరికింది. తెలుగులో దొరికిన తొలి పద్య శాసనం మన ఊరిదని మనమంతా గొప్ప చెప్పుకుంటాం. అందులో ఏముందని అడిగితే మాత్రం పక్కకు చూస్తాం. నేనూ చిన్నప్పుడు బళ్లో విన్నదే తప్ప పాఠం పూర్తిగా చదవలేదు. ఈసారి కూర్చుని చదివాను. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు వేయించాడు. క్రీ.శ. 849 ప్రాంతం, అంటే నన్నయ్యకు సుమారు 200 ఏళ్ల ముందు. ఛందస్సు తరువోజ, రెండు ద్విపద పాదాలు కలిపితే ఒక పాదం. బోయ కొట్టాలు పన్నెండు గెలిచాడు, కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేశాడు, కందుకూరును బెజవాడంత చేశాడు. ఇవన్నీ పండితులు ఎప్పటినుంచో చెబుతున్నవే.

నాకు మాత్రం అది వేరేగా కనిపించింది. ఉద్యోగంలో నేను చదివిన ప్రతి దస్తావేజూ ఇలాగే ఉండేది. ముందు ఆసామి ఎవరు, ఆస్తి ఆయనకు ఎలా సంక్రమించింది, ఆ తర్వాత ఎవరికి ఇస్తున్నాడు, ఎంత విస్తీర్ణం. ఈ రాతిలోనూ అదే వరస. యుద్ధాలన్నీ చెప్పి చివరికి వచ్చేది ఆదిత్యభటారుడికి ఇచ్చిన పొలం దగ్గరికి. ఆ పొలాన్ని పుట్లలో చెప్పారు, నేలను విత్తనంతో కొలిచే పద్ధతి. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలై డ్రోన్లూ రోవర్లూ దిగాయి. పొలం గట్టు ఎక్కడుందో ఉపగ్రహం చెబుతోంది. పండరంగడి కాలంలో పొలం ఎంతో బస్తాలో విత్తనం చెప్పేది. కావ్యాలవాళ్లు ఏమైనా అనుకోనీ, మన భాషలో తొలి పద్యం మా శాఖ కాగితమేనని నా వాదన. మీలో తెలుగు ఎమ్మే చదివినవాళ్లుంటే కాదనడానికి ఉత్తరం రాయొచ్చు.

సింగరకొండ తిరునాళ్లకు ఎలాగూ వస్తారు. ఫాల్గుణ పౌర్ణమికి ఇంకా రోజులున్నాయి. ప్రభలు కట్టేవాళ్లను మీరు ఒక సంగతి అడిగి కనుక్కోవాలి. అంత ఎత్తు ప్రభ, అన్ని లైట్ల బరువుతో, గాలికి పడకుండా బండి మీద ఎలా నిలబడుతుంది? అడుగున బరువు ఎంత పెడతారు, మోకులు ఎటెటు లాగి కడతారు? నేను అడిగితే "నీకెందుకు తాతా, ఎండలో" అని కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మీరైతే పక్కన నిలబడి నాలుగు మోకులు పట్టుకుంటారు కాబట్టి చెబుతారు. ఎత్తు సంగతి మీరు చూడక్కర్లేదు. పగటిపూట నీడ పట్టి అది నేనే కొలుస్తాను.

ఇట్లు,
మీ సర్వేయరు తాతయ్య,
అద్దంకి