పాత రాట్నం తీసెయ్యాలా?



పోయిన వారం రాత్రి స్టడీ అవర్ అయిపోయినాక మన డార్మిటరీలో పెద్ద గొడవ జరిగింది. మేడమ్ వచ్చి లైట్లు ఆర్పించే దాకా ఆగలేదు. "దేని గురించి అరుస్తున్నరే?" అని మేడమ్ అడిగితే అందరం దుప్పటి కప్పుకున్నాము గానీ ఎవరమూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను మేడమ్. రంగులరాట్నం గురించి.

గోదావరిఖని దగ్గర గోదావరి ఒడ్డున రెండేండ్లకు ఒకసారి సమ్మక్క సారలమ్మ జాతర అవుతుంది గదా. మేడారం పోలేని బొగ్గు బాయి కుటుంబాలు ఇక్కడనే తల్లులకు బంగారం ఇచ్చుకుంటారు. బంగారం అంటే బెల్లం అని క్రొత్తగా వచ్చిన ఐదో తరగతి చెల్లెండ్ల కోసం వ్రాస్తున్నాను. ఆ జాతరకు ఆటలు కూడా వస్తాయి. జైంట్ వీల్, కొలంబస్ ఓడ, బ్రేక్ డాన్స్, మౌత్ కా కువా. అవన్నీ లైట్లతో మెరిసిపోతుంటాయి. వాటికి దూరంగా, బెల్లం దుకాణాల వెనుక, ఒక చెక్క రాట్నం ఉంటుంది. దానికి నాలుగే పెట్టెలు. కరెంటు లేదు, ఇంజన్ లేదు. ఇద్దరు మనుషులు చేతులతో తిప్పుతారు.

పదో తరగతి అక్కలు ఏమన్నారంటే, "అది ముసలిదైంది. కిర్రుకిర్రుమంటది. వచ్చే జాతరకు దాన్ని రానియ్యొద్దు. ఆ జాగలో ఇంకో కొత్త ఆట పెట్టాలె" అన్నారు. మా తొమ్మిదో తరగతి వాళ్ళు ఒప్పుకోలేదు. "అది ఎక్కకపోతే జాతరకు పోయినట్టే కాదు" అని ఒకామె ఏడ్చింది కూడా. సినిమా హీరోల కోసం కొట్టుకున్నట్టు రాట్నం కోసం రెండు పార్టీలు అయినాము. నేను మాత్రం ఆ రాత్రి ఒక్క మాట మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో తర్వాత చెప్తాను.

ముందు ఆ రాట్నం ఎట్లా తిరుగుతుందో చెప్పాలి. మీలో చాలామంది ఎక్కినారు గానీ చూడలేదు. రెండు గుంజలు భూమిలో పాతుతారు. వాటి మీద ఇనుప ఇరుసు. ఇరుసుకు చెక్క చక్రం, చక్రానికి నాలుగు పెట్టెలు. ఎదురెదురు పెట్టెల్లో బరువు సమానంగా ఉండాలి. ఒక పెట్టెలో లావుపాటి అవ్వ కూర్చుంటే ఎదురు పెట్టెలో నలుగురు పిల్లలను కూర్చోబెడతారు. తరాజులో పెట్టినట్టే. బరువు కలిసిందంటే చిన్న పిలగాడు నూకినా తిరుగుతుంది. కలవకపోతే ఇద్దరు పహిల్వాన్లు కూడా చాలరు. వేగం అందుకున్నాక తిప్పే మనిషి ఒక కమ్మిని పట్టుకొని వేలాడతాడు, అతని బరువుతో చక్రం ఇంకా జోరు అందుకుంటుంది. సైన్సు సార్ తరాజు పాఠం చెప్పినప్పుడు అందరూ బల్ల మీద చూస్తుంటే నాకు ఆ రాట్నమే కండ్ల ముందర తిరిగింది.

పాత ఆటను తీసెయ్యాలా ఉంచాలా అనే కొట్లాట మన హాస్టలులోనే కాదు. సోషల్ సార్ ఒక రోజు పేపరు చూసి చెప్పినారు. అమెరికాలో డిస్నీ వాళ్ళ పార్కులలో స్ప్లాష్ మౌంటెన్ అనే ఆట ఉండేదట. దుంగ లాంటి పడవలో కూర్చుంటే పైనుంచి నీళ్ళలోకి జారుతుంది. కాలిఫోర్నియాలో అది 1989లో మొదలైంది. అది 1946లో వచ్చిన ఒక సినిమా బొమ్మలతో చేసిన ఆట. ఆ సినిమాలో నల్లవాళ్ళు తోటల యజమానుల దగ్గర ఎంతో సంతోషంగా ఉన్నట్టు చూపించినారు. ఎన్ని బాధలు పడ్డారో చూపించలేదు. అందుకని మార్చాలని కొందరు, మా చిన్నప్పటి ఆటను ముట్టుకోవద్దని కొందరు సంతకాలు పెట్టి వాదించుకున్నారు. చివరికి 2023లో మూసి, 2024లో టియానా అనే నల్ల రాకుమారి కథతో మళ్ళీ తెరిచినారు. పడవ అదే, జారుడు అదే, కథ మారింది.

ఇది విన్నప్పుడు క్లాసులో అందరూ "వాళ్ళకు వేరే పని లేదా సార్?" అని నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. నేను నాలుగో తరగతి వేరే బడిలో చదివినాను. అక్కడ వార్షికోత్సవానికి మా పిల్లలకు ముఖానికి మసి పూసి, నడుముకు ఆకులు కట్టి, నెత్తికి ఈకలు పెట్టి, ఏదో అర్థం లేని కేకలు వేయిస్తూ "గిరిజన నృత్యం" అని ఆడించినారు. ప్రతి సంవత్సరం అదే ఆటనట, అందరికీ చాలా ఇష్టమట. మా అమ్మ చూడడానికి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టినారు. అమ్మ కొట్టలేదు. ఇంటికి పోయినాక "మనం గట్ల ఉంటమా బిడ్డా?" అని మాత్రం అడిగింది. మేము కోయోళ్ళం. మాకు డోలు ఉంది, కొమ్ము ఉంది, రేలా పాట ఉంది. అమ్మకు చీర ఉంది. ఆకుల గౌను మా ఊరిలో ఎవరి దగ్గరా లేదు. ఆ డాన్సు ఎంత పాతదైనా, ఎంతమందికి ఇష్టమైనా తీసెయ్యాలి అంటాను. దానికి చెక్క పుచ్చిపోయే దాకా ఆగే పని లేదు.

కాబట్టి మా పార్టీ వాళ్ళు "పాతది కాబట్టి ఉంచాలి" అంటే నేను ఒప్పుకోను. పదో తరగతి అక్కలు "పాతది కాబట్టి తీసెయ్యాలి" అన్నా ఒప్పుకోను. కొత్తది అయితే ఏమీ కాదని అక్కలు అనుకుంటున్నారు. 2025 జనవరిలో హైదరాబాదు నుమాయిష్‌లో కరెంటుతో తిరిగే ఆట పైన ఆగిపోయి, ఎక్కినవాళ్ళు తలకిందులుగా వేలాడినారు. మన చెక్క రాట్నం ఆగిపోతే చేయి పట్టుకొని దింపుతారు.

ఇంకో మాట. మన రామగుండంలోనే 1971లో మొదలైన 62.5 మెగావాట్ల కరెంటు ప్లాంటు ఉండేది గదా. 2024లో మూతపడింది. అది ముసలిదయ్యిందని అందరికీ తెలుసు. దాన్ని అట్లనే ఉంచుమని కాదు, దాని జాగలోనే కొత్తది కట్టుమని ఇక్కడి వాళ్ళు అడిగినారు. ఎందుకంటే పని కావాలి. బొగ్గు బాయిల్లోనూ అంతే. భూమి లోపలి బాయి పోయి ఓపెన్ కాస్ట్ వస్తే బొగ్గు ఎక్కువ వస్తుంది, చేతులు తక్కువ పడతాయి. కొత్తది వచ్చినప్పుడు ఎక్కేవాళ్ళను అందరూ లెక్కపెడతారు. దిగిపోయేవాళ్ళను ఎవరూ లెక్కపెట్టరు.

ఇప్పుడు నేను ఆ రాత్రి ఎందుకు మాట్లాడలేదో చెప్తాను. ఆ చెక్క రాట్నం మా మేనమామది.

మొదట ఆయన దాన్ని తిప్పే కూలి. యజమాని ముసలివాడై ఇంక చేతకాదని మామకు అమ్మినాడు. మామ మూడు జాతరల పైసలు అప్పుకు కట్టినాడు. నేను ఐదో తరగతిలో ఈ హాస్టలుకు వచ్చినప్పుడు నా ఇనుప పెట్టె, పళ్ళెం, గ్లాసు కొన్నది కూడా ఆ రాట్నం పైసలతోనే. నా పెట్టె మీద ఎర్ర రంగుతో పువ్వు ఉంటుంది గదా, ఏం పువ్వు అని అందరూ అడుగుతారు. అది రాట్నం పెట్టెలకు వేయగా మిగిలిన రంగు. నాకు సిగ్గు అయ్యి చెప్పలేదు. మామ జైంట్ వీల్ నడిపితే చెప్పేదాన్నేమో!

జైంట్ వీల్‌కు ఒక్కొక్కరికి వంద రూపాయలు అడుగుతారు. మామ ఇరవై తీసుకుంటాడు. చంకలో పిల్లను పట్టుకున్న తల్లులు, పైకి పోతే కండ్లు తిరిగే అవ్వలు, ఒక్క నోటుతో ముగ్గురు వచ్చే పిల్లలు మామ దగ్గరికే వస్తారు. వాళ్ళకు ఆ జాగలో కొత్త ఆట పెడితే చూడడమే అవుతుంది, ఎక్కడం కాదు.

ఇంత వ్రాసినాక ఒకటి దాచిపెడితే అబద్ధం అవుతుంది. పోయిన జాతరలో ఒక పెట్టెకు ఉన్న చీల అరిగి ఊడిపోయింది. పెట్టె ఒక పక్కకు ఒరిగింది. లోపల ఉన్న పిలగాడి మోచేయి చెక్కకు కొట్టుకొని వాచింది. మామ వాడిని ఎత్తుకొని దవాఖానకు ఉరికినాడు. ఎముక విరగలేదు. కానీ ఆ రోజు మామ మళ్ళీ రాట్నం తిప్పలేదు, అన్నం కూడా తినలేదు. ఈ సంగతి మా పార్టీలో ఎవరికీ తెలియదు. పదో తరగతి అక్కలకు తెలిస్తే గెలిచినట్టే అని నేను నోరు మూసుకున్నాను. అక్కలారా, మీరు భయపడింది నిజమే.

తర్వాత మన లైబ్రరీలో ఉన్న పాత విజ్ఞాన పుస్తకంలో చూసినాను. మొదటి జైంట్ వీల్ 1893లో చికాగో ఎగ్జిబిషన్‌లో ఫెర్రిస్ అనే ఇంజనీరు కట్టినాడు. ఎత్తు 264 అడుగులు, 36 పెట్టెలు. అంత పేరున్న దాన్ని 1906లో మందు పెట్టి పేల్చేసినారు. అదే వియన్నాలో 1897లో కట్టిన చక్రం ఇప్పటికీ తిరుగుతుంది. 1944లో యుద్ధంలో కాలిపోతే మళ్ళీ కట్టినారు. మొదట 30 పెట్టెలు ఉండేవి, కట్టినాక 15 మాత్రమే పెట్టినారు. అది చదివి నేను లైబ్రరీలోనే గట్టిగా "మామా!" అన్నాను. టీచరు తిట్టింది.

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు మామకు ఇదంతా చెప్పినాను. ప్రతి పెట్టెలో నలుగురు పిల్లల కంటే ఎక్కువ వద్దు అన్నాను. చీలలు అన్నీ మార్చుమన్నాను, రోజూ పొద్దున ఒక్కో చీలను పట్టి చూడుమన్నాను. గుంజలకు టేకు కావాలంటే ఫారెస్టోళ్ళ పర్మిషన్ కావాలి, అది కుదిరే పని కాదు. మామ గోదావరిఖనిలో వెల్డింగ్ షాపులో అడిగి వచ్చినాడు. గుంజలు, చక్రం, ఇరుసు అన్నీ ఇనుప పైపులతో చేసి బేరింగ్ వేస్తే గట్టిగా ఉంటుందట. పెట్టెలు మాత్రం పాతవే. ఖర్చుకు మళ్ళీ అప్పు చేయాలి. "ఇనుపది చేస్తే ఇది మన రాట్నమేనా?" అని మామ నన్ను అడిగినాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినాను.

మా పార్టీ వాళ్ళకు కోపం వస్తుందని తెలుసు. చెక్క పోతే ఆ కిర్రుమనే చప్పుడు కూడా పోతుంది. ఆ చప్పుడు నాకు మీ అందరికంటే ఎక్కువ ఇష్టం. చిన్నప్పుడు జాతరలో దారి తప్పితే అమ్మ కోసం చూడకుండా ఆ చప్పుడు వినుకుంట మామ దగ్గరికి పోయేదాన్ని. అయినా ఇనుపది చేయించుమనే మామకు ఉత్తరం వ్రాసినాను. ఈ ఆదివారం మా బాపు వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను.

వార్డెన్ మేడమ్ గారికి ఒక విన్నపం. వచ్చే జాతరకు మమ్ములను తీసుకుపోయినప్పుడు బెల్లం దుకాణాల వెనుకకు కూడా తీసుకపోండి. మీరు ఒక పెట్టెలో కూర్చుంటే ఎదురు పెట్టెలో ఎంతమందిమి కూర్చోవాలో మామ చెప్తాడు. (నేను చెప్పను మేడమ్.)

ఒప్పుకోని వాళ్ళు ఈ పత్రిక కింద అంటించిన తెల్ల కాగితం మీద వ్రాయవచ్చును. పెన్సిలుతో వ్రాయకండి, ఎవరో ఒకరు చెరిపేస్తున్నారు.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని