మంత్రి పర్యటనకు సూరత్ పంచాంగం

వాణిజ్య మంత్రి విదేశాలకు బయలుదేరిన రోజున పత్రికల్లో ఫొటోలు వస్తాయి. కానీ ఆ పర్యటన ఫలితం అంతకు ఎన్నో వారాల ముందే, కార్యక్రమ పట్టిక తయారయ్యే బల్ల మీదే సగం తేలిపోతుంది. ఏ నగరానికి, ఏ నెలలో, ఎవరిని వెంటబెట్టుకుని వెళ్లాలన్నది ఢిల్లీలోని మంత్రిత్వశాఖ, ఆయా దేశాల్లోని రాయబార కార్యాలయాలు, ఎగుమతి ప్రోత్సాహక మండళ్లు కలిసి ఖరారు చేస్తాయి. రత్నాభరణాల ఎగుమతి మండలి ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉంది. వజ్రాలను సానపట్టే చేతులు మాత్రం సూరత్‌లో ఉన్నాయి.

ప్రపంచంలో సానపట్టే వజ్రాలలో పదింట తొమ్మిది ఆ నగరం గుండానే వెళతాయని అంచనా. ఆ నగరపు మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు దశాబ్దాలుగా బతుకుతున్నాయి. కనుక ఈ పట్టికలో దొర్లే పొరపాటు తెలుగువారి ఇళ్లను కూడా తాకుతుంది.

ముందుగా కాలం సంగతి. అమెరికాలో క్రిస్మస్ అమ్మకాలకు కావలసిన సరకు శరదృతువు నాటికే ఓడలూ విమానాలూ ఎక్కాలి. 2025 ఆగస్టు 27న అమెరికా భారత సరకులపై సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు దెబ్బ సరిగ్గా ఆ అదనులోనే పడింది. దీపావళికి సూరత్ కార్ఖానాలు వారాల తరబడి మూతపడతాయి. ఆ తరువాత మంత్రి న్యూయార్క్ వెళ్లి విందులో ప్రసంగించినా ఆ ఏటి ఆర్డర్లు తిరిగి రావు. వానలు వెళ్లాక విత్తనాలకు బయలుదేరిన రైతు కథే అది.

ఇక స్థలం. కొనేవారి నగరాలకు మంత్రులు తరచూ వెళతారు. ముడిరాయి దొరికే చోటికి వెళ్లడం అరుదు. డి బీర్స్ సంస్థ తన ముడివజ్రాల అమ్మకాలను 2013లో లండన్ నుంచి బోట్స్వానా రాజధాని గాబరోన్‌కు తరలించింది. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము 2025 నవంబరులో ఆ దేశంలో పర్యటించారు. దౌత్యం తెరిచిన ఆ దారిలో వాణిజ్యం కూడా నడవాలి. రష్యా వజ్రాలపై జి-7 దేశాలు 2024లో అమలు చేసిన ఆంక్షల వల్ల, రాయి ఎక్కడిదో రుజువు చూపే భారం సూరత్ చిన్న వ్యాపారుల నెత్తిన పడింది. ఆ మాట మాట్లాడవలసింది బ్రస్సెల్స్‌లో. అక్కడ ఒక పూట కేటాయించడం న్యూయార్క్‌లో రెండు విందులకన్నా మేలు.

ప్రతినిధి బృందం విషయంలోనూ పొదుపు అవసరం. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. పేరున్న పారిశ్రామికవేత్తలకు విదేశీ తలుపులు ఎలాగూ తెరిచే ఉంటాయి. పది సాన చక్రాలు నడిపే చిన్న యజమానికి, నూలు ధర చూసి మగ్గం ఆపుకునే నేతదారుకు ఆ అవకాశం లేదు. వారి కోసం రెండు సీట్లు వదలడం ఖజానాకు పెద్ద భారం కాదు.

మంత్రి తిరిగి వచ్చాక ఢిల్లీలో విలేకరుల సమావేశం జరగడం ఆనవాయితీ. 2023 డిసెంబరులో సూరత్ విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా కూడా లభించింది గనుక, తిరుగు ప్రయాణంలో విమానం అక్కడే దిగవచ్చు. తెచ్చినదేమిటో, తేలేకపోయినదేమిటో వరాఛా వీధుల్లోని వజ్ర కార్మికులకు నేరుగా చెప్పే గంటను కూడా కార్యక్రమ పట్టికలో ముందే రాసుకోవాలి.