పాత ప్యాలెస్‌కి కొత్త స్పా కడదాం... గోడ ముట్టుకోకుండా!

ఏ.ఎస్. రావు నగర్‌లో మా ఇల్లు పాతది. కింద మేముంటాం, పై పోర్షన్ కిరాయికిచ్చాం. కొన్నేళ్ల కిందట నాన్న పైన ఇంకో బాత్రూమ్ కట్టించారు. 'కిరాయి పెరుగుతుంది' అన్నది ఆయన లెక్క. కిరాయి నిజంగానే పెరిగింది. కానీ ఇప్పుడు మా హాలు గోడంతా చెమ్మెక్కి పెచ్చులు ఊడుతోంది. రెండుసార్లు రంగులేయించాం, మళ్లీ అదే కథ. ఒక్క బాత్రూమ్‌కే ఇంత గోలైతే, నూరేళ్లు దాటిన ప్యాలెస్‌కి స్విమ్మింగ్ పూల్, స్టీమ్ రూమ్ పెడితే ఏమవుతుంది?

'ఇది ఆర్కిటెక్టుల గొడవ, మనకెందుకు?' అనుకోకండి. సివిల్, మెకానికల్ చదివి 'కోర్ జాబ్స్ లేవన్నా' అని నాకు మెసేజ్ పెట్టే మీకే ఇది చెబుతున్నా.

మన దగ్గరే ఒక బిల్డింగ్ ఉంది. అసెంబ్లీ దాటాక నౌబత్ పహాడ్ మీదున్న హిల్ ఫోర్ట్ ప్యాలెస్. మన పెద్దవాళ్లకి రిట్జ్ హోటల్ అంటే టక్కున గుర్తొస్తుంది. సర్ నిజామత్ జంగ్ 1915లో తన కోసం కట్టించుకున్నారు. ఆయన కేంబ్రిడ్జ్‌లో చదివిన మనిషి, ఆ కాలేజీ పోలికలు ఈ కట్టడంలోనూ కనిపిస్తాయని అంటారు. 1929లో నిజాం ప్రభుత్వం దాన్ని కొన్నది, తర్వాత నిజాం రెండో కొడుకు మొజం జా అక్కడ ఉన్నారు. మనం ఐస్‌క్రీమ్ కోసం వెళ్లే మొజంజాహి మార్కెట్ ఆయన పేరు మీదిదే. ఆ తర్వాత ఆ ప్యాలెస్ హోటల్‌గా మారి 1990ల చివరి దాకా నడిచింది. సరిగ్గా ఒడ్డున కాదు గానీ, 1562 నాటి హుస్సేన్ సాగర్‌ని చూసే గుట్ట మీద ఉంటుంది. మళ్లీ హోటల్ చేద్దామన్న మాట చాలాసార్లు వచ్చింది. ఇక ముందూ వస్తుంది. వచ్చినప్పుడు స్పా లేకుండా రాదు.

'ప్యాలెస్‌లో స్పా ఏంటి, ఖర్మ!' అనే హెరిటేజ్ ప్రేమికులతో నాకు పేచీ ఉంది. తాళం వేసి వదిలేసిన కట్టడం ఎలా ఉంటుందో ఇన్నేళ్లుగా చూశాం కదా. గదుల డిమాండ్ లేకపోతే రిపేర్లకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఫలక్‌నుమా 2010లో హోటల్‌గా తెరుచుకుంది కాబట్టే ఈరోజు మెరుస్తోంది. అక్కడా స్పా ఉంది. కాబట్టి స్పా ఉండాలి. నా అభ్యంతరమల్లా అది పాత గోడల మధ్య ఉండటం మీదే.

ఎందుకో లెక్క చూడండి. 10 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతున్న చిన్న పూల్ తీసుకుందాం. నీళ్లే 48 టన్నులు. అంటే చదరపు మీటరుకి 1,200 కిలోలు. మనం ఇళ్ల స్లాబులు డిజైన్ చేసేటప్పుడు మనుషులకి, సామానుకి కలిపి తీసుకునే లోడ్ దాదాపు 200 కిలోలు. ఆరు రెట్లు! బరువు ఒక్కటే అయితే ఏదో ఒక సపోర్ట్ పెట్టి గట్టెక్కొచ్చు. అసలు విలన్ ఆవిరి.

పాత సున్నపు గోడ తడిని పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగో వాటర్‌ప్రూఫ్ పెయింటో కొట్టామంటే ఆ దారి మూసుకుపోతుంది. లోపలి తడి ఉప్పుని బయటికి తోస్తుంది, తెల్లగా పూస్తుంది, పెచ్చు ఊడుతుంది. మా హాలు గోడ కథే! స్టీమ్ రూమ్‌లో 45 డిగ్రీల వేడి, గాలిలో దాదాపు నూరు శాతం తేమ ఉంటాయి. అది రోజూ పన్నెండు గంటలు నడుస్తుంటే పక్క గదిలో నూరేళ్ల నాటి కలప తలుపు ఎన్నాళ్లుంటుంది? పైగా క్లోరిన్. స్విట్జర్లాండ్‌లోని ఉస్టర్‌లో 1985లో ఇండోర్ పూల్ పైన వేలాడే కాంక్రీట్ సీలింగ్ కూలి 12 మంది చనిపోయారు. దాన్ని పట్టుకున్న స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీలు అక్కడి గాలికి పగుళ్లిచ్చి తెగిపోయాయి. అదీ 1972లో తెరిచిన కొత్త బిల్డింగే.

మరి ఎక్కడ కట్టాలి? ఉదయ్‌పూర్ లేక్ ప్యాలెస్ వాళ్లు నాకు నచ్చిన పని చేశారు. పిచోలా సరస్సు మధ్యలో ఉన్న 18వ శతాబ్దపు ప్యాలెస్‌కి తోడుగా, స్పాని ఒక పడవలో పెట్టారు. స్విట్జర్లాండ్‌లోనే వాల్స్ అనే ఊళ్లో 1960ల నాటి హోటల్‌కి అదనంగా పీటర్ జుమ్‌థర్ 1996లో స్నానశాల కట్టారు. సగం గుట్టలోకి దించేసి, కప్పు మీద గడ్డి పెంచి, హోటల్ నుంచి సొరంగం లాంటి దారి ఇచ్చారు. గోడలకి అక్కడి క్వార్ట్‌జైట్ రాయినే 60 వేల పలకలుగా కోసి వాడారు.

నౌబత్ పహాడ్‌కీ నేను అడిగేది ఇదే. ప్యాలెస్‌కి దూరంగా, గుట్ట వాలులో విడిగా ఒక బ్లాక్. దానికి సొంత పునాది, సొంత డ్రైనేజీ. మధ్యలో గాలాడే వరండా. రేపు వద్దనుకుంటే తీసేసినా ప్యాలెస్‌కి గీత పడకూడదు. స్పాలో వాడిన నీళ్లు శుద్ధి చేయకుండా సాగర్ వైపు వదలకూడదు. మా పక్కనున్న కాప్రా చెరువు పడిన బాధ చూసినవాడిగా ఈ మాట అంటున్నా. ఇంకోటి, దయచేసి కొత్త బ్లాక్‌కి దొంగ ఆర్చీలు, ఫైబర్ గుమ్మటాలు పెట్టొద్దు. కొత్తగా చేర్చింది తన కాలం ముద్రతో కనిపించాలని 1964 వెనిస్ చార్టర్ చెప్పింది. నా మాటగా చెప్పాలంటే, అలా కట్టింది పెళ్లి మండపం సెట్టింగ్‌లా ఉంటుంది.

ఈ పని చేసేదెవరు? త్రీడీలో మెరిసే బొమ్మ గీసేవాళ్లు బోలెడు మంది. పూల్ హాల్లో గాలి వేడిని నీటి వేడి కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ ఉంచితే ఆవిరి తగ్గుతుందని, డీహ్యుమిడిఫయర్ ఎంతది కావాలో లెక్కగట్టే మెకానికల్ కుర్రాళ్లు కావాలి. డంగు సున్నం అంటే ఏంటో చేత్తో ముట్టుకున్న సివిల్ అమ్మాయిలు కావాలి. ఐఐటీ మద్రాస్‌లో చారిత్రక కట్టడాల భద్రత మీద ప్రత్యేక కేంద్రమే ఉంది. జీతం మొదట్లో ఐటీ ఫ్రెషర్ కంటే తక్కువే ఉండొచ్చు, అబద్ధం చెప్పను.

కోర్సుల కంటే ముందు ఒక పూట కుతుబ్ షాహీ సమాధులకి వెళ్లండి. ఆగా ఖాన్ ట్రస్ట్ పదేళ్లకి పైగా పనిచేసి 2024లో ఆ ప్రాజెక్టు పూర్తి చేసింది. అందరూ గుమ్మటాల ముందు సెల్ఫీలు దిగుతారు. మీరు హమామ్‌లోకి వెళ్లండి. రాజ కుటుంబీకుల పార్థివదేహాలకి చివరి స్నానం చేయించిన చోటు. ఇన్ని శతాబ్దాల కిందట నీళ్లని, తడిని ఎలా సంబాళించారో చూసి, నేల వాలు ఎటుందో గమనించండి.

మా ఇంటి సంగతంటారా? పై బాత్రూమ్ తీసేసి వెనక వైపు విడిగా కట్టాలని నాన్నని ఒప్పించడానికి ఏడాది పట్టింది. మేస్త్రీ వచ్చే ఆదివారం చూస్తానన్నాడు.