ఖాళీ డబ్బా ఎవరిది?

ప్లాస్టిక్ మీద ఎక్కడ సభ పెట్టినా మాట చివరికి వచ్చి ఆగేది కూరగాయల సంచి దగ్గరే. 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే కొన్ని వస్తువులను దేశమంతటా నిషేధించారు. స్ట్రాలు, చెంచాలు, గ్లాసులు, అలంకరణ థర్మోకోల్ ఆ జాబితాలో ఉన్నాయి. మరి మహిళా సంఘాలకు అందిన పిలుపు ఏమిటి? గుడ్డ సంచులు కుట్టండి, బజారుకు సంచి పట్టుకెళ్లండి, తడి చెత్త పొడి చెత్త వేరు చేయండి. చేయాల్సిన పనులే, కాదనను. కానీ ఈ దేశంలో ప్లాస్టిక్ పేరుకుపోవడానికి ఆడవాళ్ల మతిమరుపే కారణమన్నట్టు సాగే ఈ ప్రచారం వింటుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అందుకే ఈసారి సంచిని పక్కనబెట్టి రొంపిచెర్ల వైపు మిరప చేలలోకి చూద్దాం. పల్నాడు జిల్లాలో సాగర్ కుడికాలువ నీరు పారే మండలం ఇది. ఇక్కడి సేద్యంలో ప్లాస్టిక్ లేని దశ ఏదైనా ఉందా అని వెతికితే దొరకడం కష్టం. బోరు నుంచి నీరు తెచ్చే గొట్టం పి.వి.సి. డ్రిప్పు పైపు, మొక్క మొదట్లో కలుపు రాకుండా పరిచే మల్చింగ్ షీటు పాలిథిన్. యూరియా బస్తా పాలీప్రొపిలీన్ పట్టీలతో నేసింది. పురుగుమందు డబ్బాల్లో చాలావాటిని గట్టి పాలిథిన్‌తో చేస్తారు. ఇంట్లో మంచినీళ్ల బిందె కూడా చాలాసార్లు ఆ జాతిదే! డబ్బా అడుగున త్రికోణంలో 2 అని అచ్చు ఉంటే అది గట్టి పాలిథిన్, 5 ఉంటే పాలీప్రొపిలీన్, 6 ఉంటే పాలీస్టైరీన్. మన కార్యకర్తలు ఈ అంకెలు గుర్తుపెట్టుకోవడం మంచిది. అయితే అంకె చెప్పేది సరుకు జాతి మాత్రమే. నిన్నటిదాకా అందులో ఏం పోసి ఉంచారో అది చెప్పదు.

ప్లాస్టిక్ వద్దు అనే నినాదం నాది కాదు. ఇత్తడి బిందెలు మోసిన మెడలకు ప్లాస్టిక్ బిందె ఎంత ఊరటో తెలిసినవాళ్లం. కల్లంలో కాయ ఆరబోసి ఉండగా అకాలవర్షం వస్తే పట్టా కప్పి పంట దక్కించుకున్న కౌలురైతు ఇల్లాలికి పర్యావరణం మీద పాఠం చెప్పడానికి మనమెవరం? నా ప్రశ్న ఆ ఖాళీ మందు డబ్బా గురించే.

మందు కొట్టేది మగవాడు కనుక ప్రమాదం అతనిదేననుకుంటారు. ట్యాంకుకు నీళ్లు మోసేది ఎవరు? మందు కలిపి అందించేది ఎవరు? మందుతో తడిసిన చొక్కా ఉతికేది ఎవరు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని పత్తి రైతు కుటుంబాల మీద 2005లో వెలువడిన ఒక అధ్యయనం, చిక్కటి మందు కలిపి ట్యాంకులు నింపే స్త్రీలకు కొట్టేవాళ్లతో సమానంగా ముప్పు ఉందని చెప్పింది. 2021–22లో నల్ల తామర పురుగు మిరపను ముంచెత్తినప్పుడు రైతులు మందు మీద మందు మార్చి కొట్టారు. పూత నిలవలేదు, అప్పు మిగిలింది. గట్ల మీద ఖాళీ డబ్బాలూ మిగిలాయి.

ఆ డబ్బాలు ఏమవుతాయి? కొన్ని బోదెల్లో పడి నీటికి అడ్డం పడతాయి. కొన్నిటిని ఆకూ అలముతో కలిపి తగలబెడతారు. కొన్ని పాత సామాను మూటలోకి చేరతాయి. అడుగు చుక్కలు మిగిలిన డబ్బాను వట్టి చేత్తో ఏరి, తొక్కి, గోనెలో కుక్కేది ఎక్కువగా దళిత, గిరిజన కుటుంబాల ఆడవాళ్లూ పిల్లలూ. శుభ్రంగా కనిపించినవి కొన్ని తిరిగి ఇంటికే వస్తాయి, కిరసనాయిలుకో నీళ్లకో. మందులోని ద్రావకం కొంత ప్లాస్టిక్ గోడలోకే ఇంకిపోతుంది. ఎన్నిసార్లు కడిగినా అలాంటి డబ్బాలో తాగే నీరు పోయకూడదు.

చట్టం లేదా అంటే ఉంది. 1968 పురుగుమందుల చట్టం కింద 1971లో చేసిన నియమాల్లో 44వది, ఖాళీ డబ్బాలను మళ్లీ వాడటానికి వీల్లేకుండా పగలగొట్టి జనావాసాలకు దూరంగా పాతిపెట్టాలంది. మందుతో పనిచేసేవారికి రక్షణ దుస్తులు ఇవ్వాలని కూడా ఆ నియమాలే చెప్పాయి. రోజు కూలికి వచ్చిన మనిషికి చేతి తొడుగులు ఇచ్చిన ఆసామిని మీలో ఎవరైనా చూశారా? ఇంకో విడ్డూరం ఉంది. విషరసాయనం అంటిన ఖాళీ డ్రమ్ము ఫ్యాక్టరీ ఆవరణలో ఉంటే 2016 నియమాల పట్టిక ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దానికి లెక్క, రిజిస్టరు, అనుమతి ఉన్న చోటికే తరలింపు. అదే విషం అంటిన డబ్బా పొలం గట్టు మీద ఉంటే వట్టి చెత్త.

ఫ్యాక్టరీ దగ్గరైనా జనానికి రక్షణ ఉందని కాదు. థర్మోకోల్, గ్లాసులు తయారయ్యే పాలీస్టైరీన్‌కు ముడిసరుకు స్టైరీన్. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి ఆ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి వచ్చింది. నిద్రలో ఉన్న జనం పిల్లలను ఎత్తుకుని పరుగెత్తారు. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమని కంపెనీని ఆదేశించింది. ప్రమాదకరమైన సరుకుతో వ్యాపారం చేసేవాడే దాని నష్టానికి జవాబుదారీ అన్న సూత్రం అక్కడ పనిచేసింది, ఒకే రాత్రి అన్ని ప్రాణాలు పోయాయి కనుక. మిరప చేలో విషం చుక్కచుక్కగా చేరుతుంది. ఒకరికి తలతిప్పు, ఒకరికి వాంతులు, ఒకరికి చేతుల మీద పొక్కులు. ట్రిబ్యునల్ దాకా వెళ్లే కేసు కాదు.

2016 ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలు గ్రామ పంచాయతీలకూ వర్తిస్తాయి. తయారీదారు, బ్రాండు యజమాని తమ ప్యాకింగును వెనక్కి సేకరించి శుద్ధి చేయించాలన్న బాధ్యతను 2022 ఫిబ్రవరి మార్గదర్శకాలు వివరంగా రాశాయి. కానీ వాటిలో లెక్క టన్నుల్లో ఉంటుంది. ఏ ఊరి నుంచి సేకరించారు, ఎవరి చేత ఏరించారు, ఎంత కూలి ఇచ్చారు అని అడగదు. నగరంలో శుభ్రమైన సీసాలు పోగేసినా టన్నే కదా. రొంపిచెర్ల గట్టు మీది డబ్బా కోసం కంపెనీ ఎందుకు రావాలి?

వచ్చేలా చేసిన దేశం ఒకటుంది. బ్రెజిల్ 2000లో చట్టం చేసింది. రైతు డబ్బాను మూడుసార్లు కడిగి తిరిగి ఇవ్వాలి. ఎక్కడ ఇవ్వాలో దుకాణదారు అమ్మకం రసీదులోనే రాయాలి. తీసుకెళ్లి వదిలించుకోవాల్సింది తయారీదారు. మందు నేరుగా తగిలే ప్లాస్టిక్ డబ్బాల్లో 90 శాతానికి పైగా అక్కడ వెనక్కి వస్తున్నాయి. అది విషం వాడకం విపరీతంగా ఉన్న దేశమే, ఆదర్శమని చెప్పను. ఈ ఒక్క పని మాత్రం చేసి చూపించారు.

ఇక్కడ అడగాల్సింది కూడా ఇదే. మందు అమ్మిన కొట్టే ఖాళీ డబ్బా తీసుకోవాలి. ఆ ఖర్చు కంపెనీది. ఈ భారాన్ని పంచాయతీ చెత్తబండి మీదికి నెట్టకూడదు. ఆ బండి లాగేవాళ్లు జీతం బకాయిల కోసమే ధర్నాలు చేయాల్సి వస్తోంది. ఏరే పనిలో ఉన్న స్త్రీలకు గుర్తింపు కార్డు, తొడుగులు, నిర్ణీత కూలి ఉండాలి. పుణెలో చెత్త ఏరే కార్మికులు 1993లోనే సంఘం పెట్టుకున్నారు, తర్వాత స్వచ్ఛ్ అనే సహకార సంస్థగా నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే.

మిరప నారు పోసే కాలం నుంచి కోతల దాకా మీ ఊళ్లో ఏ కంపెనీ డబ్బాలు గట్ల మీద ఎన్ని పడ్డాయో, వాటిని ఎవరు ఏరారో, తీసుకోమని అడిగితే కొట్టువాళ్లు ఏమన్నారో రాసి పంపండి. డబ్బాను ముట్టుకోకుండా లెక్కపెట్టండి. వచ్చిన లెక్కలన్నీ కంపెనీల పేర్లతో సహా వేస్తాం. జిల్లా కలెక్టరుకు, కాలుష్య నియంత్రణ మండలికి ఒక్కో ప్రతి పంపుతాం.