చలానా ఆయన పేరున, వేగం నాది

"అన్నయ్యా, వదిన నడిపింది స్కూటీయేనా, విమానమా?" అంటూ మా మరిది పగలబడి నవ్వాడు.

ఆదివారం మధ్యాహ్నం. అందరం భోజనాల దగ్గరున్నాం. మావారి ఫోను చేతులు మారుతోంది. ఆయన చేతిలోంచి మరిది చేతిలోకి, అక్కణ్ణుంచి తోడికోడలి చేతిలోకి, చివరికి కళ్ళజోడు తుడుచుకుని మరీ పెట్టుకున్న మా అత్తగారి చేతిలోకి. అందులో ఓ ఫొటో. వెనకనుంచి తీసిన నా బండి. నంబరు ప్లేటు కొట్టొచ్చినట్టు కనబడుతోంది. వెళ్ళిన వేగం 64. వెళ్ళాల్సింది 50. కట్టాల్సింది 1035 రూపాయలు.

చారు గిన్నెలో గరిటె అలాగే వదిలేసి నిలబడిపోయాను. కాలేజీ రోజులనుంచీ బండి నడుపుతున్నాను. సిగ్నల్ దాటి ఎరగను, రాంగ్ రూటులో వెళ్ళి ఎరగను. ఎవరైనా ఆడవాళ్ళ డ్రైవింగు మీద జోకు వేస్తే "మావాళ్ళకి చలానాలు రావు, చూసుకోండి" అని గొప్పలు కూడా పోయిన మనిషిని. అలాంటిది నలుగురి ముందూ, అదీ చారు వడ్డిస్తూ దొరికిపోయాను.

ఒక్కొక్కళ్ళూ ఒక్కోలా స్పందించారు. మా అత్తగారు "ఎవరైనా చూశారుటే?" అని మెల్లగా అడిగారు, అదేదో పరువు తక్కువ పని చేసినట్టు. మరిది "నాకు తెలిసిన ఎస్సై ఒకాయన ఉన్నాడు వదినా, ఓ మాట చెప్తాను" అన్నాడు. మావారు మాత్రం పెరుగన్నం కలుపుకుంటూ తాపీగా "వదిలెయ్. డిస్కౌంటు ఇచ్చినప్పుడు కట్టేద్దాం" అన్నారు. ఆయన్నీ అనడానికి లేదు. తెలంగాణలో 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల వాళ్ళు పాత చలానాల్లో నాలుగో వంతు కడితే చాలన్నారు. 2023 డిసెంబరు చివర్లో మళ్ళీ తలుపులు తెరిచి, ఈసారి అయిదో వంతు కడితే చాలన్నారు. చీరల షాపులో ఆషాఢం రేటులాగా తప్పుకి కూడా తగ్గింపు ధర వస్తే, ఎదురుచూడని వాళ్ళెవరు? ఠంచనుగా కట్టినవాళ్ళే వెర్రివాళ్ళైపోయారు. అలా తగ్గించడం ప్రభుత్వానికి బాకీలు వసూలు చేసి పెట్టిందేమో గానీ, చలానా అంటే తప్పుకి శిక్ష అన్న సంగతి జనం మనసులోంచి తుడిచేసింది. అదో కరెంటు బిల్లులా తయారైంది.

తమాషా ఏమిటంటే, ఇంతమంది ఇన్ని మాటలన్నారు గానీ "అంత తొందరేమొచ్చింది నీకు?" అని ఒక్కరూ అడగలేదు.

ఆ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఫొటోని పెద్దది చేసుకుని చూశాను. మధ్యాహ్నం అందరూ అంకెలే చూశారు, నేనూ అంకెలే చూశాను. ఇప్పుడు చూస్తే నా వెనకాల మా అమ్మాయి కూచుని ఉంది. ఏడో తరగతి. హెల్మెట్ కిందనుంచి రెండు జడలూ గాలికి లేచి ఉన్నాయి. చేతులు రెండూ నా నడుం చుట్టూ వేసి గట్టిగా కరుచుకుని ఉంది. అది మామూలుగా అలా కూచోదు. ఒక చెయ్యి బ్యాగు మీద, ఇంకో చెయ్యి సీటు మీద పెట్టుకుని దిక్కులు చూస్తూ కూచుంటుంది.

అప్పుడు గుర్తొచ్చింది. బుధవారం పొద్దున. స్కూలు బస్సు తప్పిపోయింది. ఆ రోజు పరీక్ష. దారిలో అది "అమ్మా" అని ఏదో అంది. గాలికి వినబడలేదు. దిగాక అడగడం కూడా మర్చిపోయాను. ఆ రాత్రి నిద్రపోబోతున్న పిల్లని లేపి "ఆ రోజు ఏమన్నావే?" అని అడిగితే, "మెల్లగా వెళ్ళమన్నాను. నువ్వు వినిపించుకోలేదు" అని అటు తిరిగి పడుకుంది.

నాకు నిద్ర పట్టలేదు. కాగితం తీసుకుని లెక్క వేశాను. మా ఇంటినుంచి స్కూలుకి ఆరు కిలోమీటర్లు. 50లో వెళితే ఏడు నిమిషాల చిల్లర. 64లో వెళితే అయిదున్నర చిల్లర. అంటే దారిలో ఒక్క సిగ్నలూ లేకుండా, ఒక్క గేదె కూడా అడ్డం రాకుండా వెళ్ళగలిగితే మిగిలేది నిమిషన్నర. పెనం మీద ఒక దోసె కాలేంత సేపు. ఇక రెండో వైపు లెక్క. 64లో బండి సెకనుకి దాదాపు 18 మీటర్లు పోతుంది. ఎదురుగా ఎవరో అడ్డం వచ్చారని కన్ను చూసి, చెయ్యి బ్రేకు మీదికి వెళ్ళేలోపే ఆ సెకను కాస్తా అయిపోతుంది. బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరమేమో, 50లో పట్టేదానికి ఒకటిన్నర రెట్ల పైమాటే. వేగం కొంచెమే కదా పెరిగిందనుకుంటాం, ఆగే దూరం అంతకి మించి పెరుగుతుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో నూటికి 71 మంది అతివేగం వల్ల పోయినవాళ్ళే. ఇలాంటి అంకెలు పేపర్లో చదివినప్పుడల్లా అర్ధరాత్రి కార్లలో తిరిగే కుర్రకారే కళ్ళముందు మెదిలేవారు. టిఫిన్ బాక్సు తగిలించుకుని వెళ్ళే నాలాంటి గృహిణి ఎప్పుడూ మెదల్లేదు.

సరే, మొదటిసారి చలానా వస్తే ఏం చెయ్యాలి? నేను పడ్డ తంటాలనుంచి చెప్తున్నాను.

మెసేజి రాగానే అందులో లింకు ఉంది కదా అని నొక్కెయ్యకూడదు. ఈమధ్య చలానా పేరు చెప్పి వాట్సప్‌లో ఏపీకే ఫైళ్ళు పంపి, బ్యాంకులో డబ్బులు ఊడ్చేస్తున్న దొంగలు బయల్దేరారు. పోలీసుల చలానా వెబ్‌సైటు పేరు మనమే టైపు చేసి తెరవాలి. చివర్లో డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉందో లేదో చూసుకోవాలి. బండి నంబరు కొడితే చలానా, ఫొటో, చోటు, టైము అన్నీ వస్తాయి. అక్కడ లేని చలానా చలానాయే కాదు.

ఫొటో నిదానంగా చూడాలి. అది మన బండేనా? మన నంబరు పెట్టుకుని ఇంకొకళ్ళు తిరుగుతున్న ఉదంతాలు లేకపోలేదు. ఆ టైములో మనం ఆ రోడ్డు మీద ఉన్నామా? అక్కడ స్పీడు హద్దు ఎంత? ఇదొకటి మనలో చాలామందికి తెలీదు, నాకూ తెలీదు. హైదరాబాదులో 2023లో హద్దులు మార్చారు. మధ్యలో డివైడరున్న రోడ్డు మీద కార్లకి 60, మన ద్విచక్ర వాహనాలకి 50. డివైడరు లేకపోతే 50, 40. కాలనీ రోడ్ల మీద ఎవరికైనా సరే 30. రోడ్డు ఖాళీగా, వెడల్పుగా ఉంటే హద్దు కూడా పెరుగుతుందనుకుంటాం. అలా ఏమీ లేదు. కెమెరాలు పెట్టిన చోట హెచ్చరిక బోర్డులు కనబడేలా ఉండాలని 2021లో కేంద్రం చేసిన నిబంధన చెప్తోంది. మా రోడ్డు మీద బోర్డు ఉంది గానీ, ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ వెనకాల సగం దాక్కుని ఉంది. దాని మీద నాకు కోపమే. అయితే నా 64కి ఆ ఫ్లెక్సీని సాక్ష్యం తెచ్చుకోలేను. రోజూ వెళ్ళే దారే కదా.

నిజంగానే తప్పుడు చలానా అయితే ఊరుకోనక్కర్లేదు. వెబ్‌సైటులోనే ఫిర్యాదు పెట్టుకోవచ్చు, కోర్టులో చెప్పుకోవచ్చు. చెప్పేది రాతపూర్వకంగా చెప్పాలి, తెలిసిన ఎస్సై ద్వారా కాదు. మరిది మాటకి నేను ఒప్పుకోకపోవడానికి కారణం గొప్ప నీతిమంతురాలినని కాదు. ఇవాళ వెయ్యి రూపాయల పనికి ఒకరి దగ్గర చెయ్యి చాపితే, ఆ సాయం గురించి పదేళ్ళపాటు ప్రతి పండక్కీ వినాలి!

ఇక అసలు సంగతి. చలానా మావారి పేరున వచ్చింది. బండి నాది, పెట్రోలు నేనే పోయించుకుంటాను, సర్వీసింగుకి నేనే తీసుకెళ్తాను. కానీ కొన్నప్పుడు "ఎవరి పేరునుంటే ఏమిట్లే" అని ఆయన పేరునే రాయించాం. ఫోను నంబరూ ఆయనదే. బండి ఎవరి పేరున ఉంటే చట్టం ముందు వాళ్ళనే అడుగుతుంది. నడిపిందెవరో చెప్పాల్సింది కూడా వాళ్ళే. దాంతో నా తప్పు నాకు తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. అదీ భోజనాల దగ్గర, ఇంటిల్లిపాదికీ తెలిశాక.

ఇది చిన్న విషయం కాదని మా వీధిలోనే ఒకావిణ్ణి చూశాక తెలిసింది. మూడేళ్ళ కిందట ఆవిడకీ ఇలాగే మొదటి చలానా వచ్చింది. వాళ్ళాయన నవ్వలేదు. బండి తాళాలు తీసి బీరువాలో పెట్టారు. "నీకెందుకు ఈ రిస్కు, ఎక్కడికి కావాలన్నా నేను దింపుతాను కదా" అన్నారట, ఎంతో ప్రేమగా. అప్పటినుంచీ ఆవిడ కూరలకి ఆటో, బ్యాంకుకి ఆటో, పుట్టింటికి వెళ్ళాలంటే ఆయన సెలవు. ఈమధ్య అడిగితే "అలవాటు తప్పిపోయిందండీ, ఇప్పుడు భయం" అంది. ఆవిడ హద్దు దాటింది తొమ్మిదో పదో కిలోమీటర్లు. మగవాళ్ళకి పది చలానాలొచ్చినా తాళాలు అడిగేవాళ్ళుండరు. మనకి ఒక్కటొస్తే చాలు, అసలు బండి ఎందుకన్న ప్రశ్న పుడుతుంది. అందుకే చాలామంది ఆడవాళ్ళు చలానా వస్తే దాచేస్తారు. తమ్ముడితో చెప్పి కట్టించేస్తారు, లేదా కట్టకుండా వదిలేస్తారు. అలా దాచినది ఎప్పుడో చెకింగులో బయటపడితే అప్పుడు రెండు తప్పులు.

నేను దాచడానికి నాకు అవకాశమే దొరకలేదు కాబట్టి ఇవాళ ఇన్ని కబుర్లు చెప్తున్నానేమో. ఏమైనా మర్నాడు పొద్దున నా ఖాతాలోంచి నేనే 1035 కట్టాను. "నేను కడతాలే" అని మావారు ఫోను తియ్యబోయారు. వద్దన్నాను. నా కథలకి పత్రికలవాళ్ళు ఎప్పుడో ఏడాదికోసారి పంపించే డబ్బులు ఆ ఖాతాలోనే ఉంటాయి. ఓ కథ కాస్తా చలానాకి పోయింది.

కట్టడంతో పని అయిపోలేదు. బుధవారం పొద్దున ఆ నిమిషన్నర ఎక్కడ పోయిందో వెతికాను. అయిదున్నరకే లేచాను. మూడు బాక్సులు, మూడు రకాలు. మావారికి చపాతీ, అమ్మాయికి పులిహోర, అత్తగారికి ఉప్పు తక్కువ వేసి విడిగా కూర. ఈలోగా ఆయన సాక్సు కనబడలేదు, దాని జామెట్రీ బాక్సు కనబడలేదు. వెతికిపెట్టింది నేనే. బస్సు తప్పిపోయింది అందరి ఆలస్యం వల్లా. ఆ ఆలస్యమంతా రోడ్డు మీద తీర్చాల్సిన బాధ్యత మాత్రం నా కుడిచేతి మీద పడింది. యాక్సిలరేటరు తిప్పింది నేనే, కాదనను. కానీ ఆ చెయ్యి పొద్దున్నుంచీ పరుగులోనే ఉంది. పరుగులో ఉన్న చెయ్యి రోడ్డెక్కగానే నెమ్మదిస్తుందా?

ఇప్పుడు మా ఇంట్లో సాక్సూ, జామెట్రీ బాక్సూ రాత్రే బయటికి రావాలి. ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. బాక్సులు మూడైనా అందరికీ ఒకటే రకం. మా అత్తగారు రెండు రోజులు సణిగి, మూడో రోజు అందరి కూరలోనూ ఉప్పు తగ్గించమన్నారు. బస్సు తప్పితే పరీక్షైనా సరే ఆలస్యంగానే వెళ్తాం, కావాలంటే టీచరుకి చీటీ రాసిస్తానని అమ్మాయితో చెప్పాను. అది నమ్మినట్టు లేదు. నా వెనకాల కూచుని భుజం మీంచి తొంగి మీటరు చూస్తోంది. మొన్న 53 అని గట్టిగా అరిచింది.

బండి నా పేరుకి మార్పించే కాగితాలు తయారవుతున్నాయి. రికార్డులో ఫోను నంబరు మార్పించడం అంతకంటే ముందే అయిపోయింది. ఆ పని మీద వెబ్‌సైటు తెరిచినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. నా బండి మీద ఇంకో మూడు చలానాలున్నాయి. మూడూ హెల్మెట్ లేనివే. ఫొటోల్లో ఉన్నది మావారు. పొద్దున్నే పాల ప్యాకెట్ల కోసం సందు చివరిదాకా వెళ్ళి వస్తూ దొరికిపోయారు. ఆ మెసేజిలు ఆయన ఫోనుకే వచ్చాయి, భోజనాల దగ్గర ఎవరి చేతుల్లోకీ మారలేదు. రోడ్డు మీద చెకింగులో ఆపితే ఆగాల్సింది నేను కాబట్టి, వాటిని ఈ నెలలోనే కట్టాలని చెప్పాను. డిస్కౌంటు వస్తుందేమో చూద్దామంటున్నారు. పాలు కూడా అప్పుడే తెచ్చుకుందాం అన్నాను.